మధ్యాహ్నం బస్సు నిండిన వారం

మేడ మీద గది అద్దెకిచ్చిన రోజే మిషనమ్మకు అనుమానం పట్టుకుంది. నిజానికి అనుమానం ఆవిడకు కొత్తేమీ కాదు. కొట్లో కొలిచి ఇచ్చిన బట్టను ఆ కొట్టువాడి ఎదుటే మళ్ళీ కొలిచేది. వాన పడుతోందని ఎవరైనా చెబితే, కిటికీలోంచి చెయ్యి చాచి తడిసేదాకా నమ్మేది కాదు. ఊళ్ళో అందరి చొక్కాలూ గౌన్లూ ఆవిడ కుట్టుమిషను కిందనుంచే రావాలి కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఎవరినా అని చూస్తుంది.

అద్దెకు దిగినవాళ్ళు ఇద్దరు. ఒకాయన పెద్దసారు. నెరిసిన గడ్డం, మెత్తటి మాట, ఎక్కడికెళ్ళినా చంకలో చుట్టిన పటాలు. రెండో మనిషి ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆ పిల్ల చేతిలో గుప్పిట్లో ఇమిడే లెక్కల మీట ఒకటి ఉండేది. బస్సులోకి ఒక మనిషి ఎక్కితే దాన్ని టక్కుమని నొక్కేది. రెండు రోజులు తిరగకుండానే ఊరు ఆమెకు లెక్కలమ్మాయి అని పేరు పెట్టేసింది.

"చిన్న పట్నాలకీ, పల్లెలకీ బస్సులు ఎలా నడిపితే జనానికి పనికొస్తాయో చూస్తున్నామమ్మా," అన్నాడు పెద్దసారు, గది తాళం తీసుకుంటూ. "ఉన్న బస్సు తీసేయడానికైతే రాలేదు. ఆ భయం పెట్టుకోకండి."

ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళీ వెళ్ళకముందే మిషనమ్మ వంటింట్లోకి వచ్చి కోడలి చెవిలో ఊదింది. "విన్నావా? బస్సు సంగతి నేనెత్తానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తనే ఎత్తాడు. తీసేయడానికే వచ్చారు వీళ్ళు."

"అలా ఎందుకనుకోవాలి అత్తయ్యా? మంచివాళ్ళలాగే ఉన్నారు."

"మంచివాళ్ళలా లేకపోతే గది ఎవరిస్తారే?"

ఈ మాటకు కోడలు నవ్వి ఊరుకుంది. ఆ పిల్ల స్వభావమే అంత. కొడుకు లారీ మీద దేశాలు పట్టి తిరుగుతుంటాడు, ఇంట్లో మిగిలింది అత్తా కోడలే. కోడల్ని పట్నంలో పెద్దాసుపత్రికి రక్తపరీక్షల పని నేర్చుకోడానికి పంపిస్తున్నది మిషనమ్మే. "నేను మిషను మీద వంగి వంగి నడుము గూని చేసుకున్నాను. నువ్వైనా నిటారుగా నిలబడి చేసే పని నేర్చుకో," అని పట్టుబట్టి చేర్పించింది. పరగడుపున వచ్చే రోగుల దగ్గర రక్తం తీయడమే అక్కడ అసలు పని, అదంతా పొద్దెక్కకముందే అయిపోతుంది. ఆ వేళకు చేరని వాళ్ళను ఆరోజు లోపలికి రానివ్వరు. అందుకు ఆధారం ఒకటే, తెల్లవారగానే ఊరి చివరనుంచి బయల్దేరే బస్సు. అది ఆగితే కోడలి చదువు ఆగినట్టే. మిషనమ్మ రాత్రి పడుకున్నా, పొద్దున లేచినా తలలో తిరిగేది ఇదొక్కటే.

పైగా పక్క ఊరి సంగతి ఉండనే ఉంది. అక్కడికీ ఇలాగే ఎవరో వచ్చి మనుషుల్ని లెక్కపెట్టి వెళ్ళారు, మరుసటి ఏడాది బస్సు రావడం మానేసింది. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు అప్పటికే తాళాలు పడ్డాయనీ, బస్సెక్కడానికి మనుషులే లేరనీ మిషనమ్మ చెప్పే కథలో ఉండేది కాదు. లెక్కపెట్టారు, బస్సు పోయింది. ఆవిడకు అంతే చాలు.

ఓ పొద్దున గది ఊడుస్తానని మేడ మీదికి వెళ్ళింది. ఊడ్చింది తక్కువ, చూసింది ఎక్కువ. గోడ నిండా ఒక పెద్ద పటం, దానిమీద గుండుసూదులు, సూదుల మధ్య రంగు దారాలు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆకుపచ్చ దారాలున్నాయి. తమ ఊరికి మాత్రం ఎర్ర దారం. దర్జీ పనిలో ఎర్ర సుద్దతో గీత పడిందంటే అక్కడ కత్తెర పడబోతోందని అర్థం. మిషనమ్మ చీపురు అక్కడే వదిలేసి దిగొచ్చింది.

ఆ సాయంత్రమే తన కొట్లో మనుషుల్ని పోగేసింది. కిరాణా కొట్టాయన వచ్చాడు, మాస్టారి భార్య వచ్చింది, చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. మిషనమ్మ తలుపు ఓరగా వేసి గొంతు తగ్గించింది.

"మన బస్సు మీద కత్తెర పెట్టారు. నా కళ్ళతో చూశాను. ఇంక ఒకటే దారి. వాళ్ళు లెక్కపెట్టే వారమంతా బస్సు నింపేద్దాం. కాలు పెట్టడానికి చోటు లేని బస్సును ఏ మొనగాడు తీసేస్తాడో చూస్తాను."

"నింపితే?" అన్నాడు కొట్టాయన. పిల్లికి కూడా బిచ్చం వెయ్యని మనిషి ఆయన, తనకేంటి లాభం అని ముందు చూసుకుంటాడు.

"నింపితే నీ కొట్టుకు సరుకు వస్తుంది బాబాయ్. బస్సు పోతే గోనె నెత్తిన పెట్టుకుని నడుస్తావు."

కొట్టాయన తల ఊపాడు. మిగతావాళ్ళూ ఊపారు. ఇక తెల్లవారు బస్సు ఎక్కాలని మిషనమ్మ అనేసరికి ఊపిన తలలన్నీ ఆగిపోయాయి. ఒకావిడకు పొద్దున్నే మోకాళ్ళు పట్టేస్తాయి. ఒకావిడ మొగుడికి వేడినీళ్ళు పెట్టకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. మాస్టారి భార్యకు చలి పడదు. కొట్టాయన ఆ వేళకు కొట్టు తెరవాలి. నిజం కోసమైతే ఎలాగో లేస్తారు గానీ, అబద్ధం కోసం తెల్లవారుజామున ఎవరు లేస్తారు? చివరికి అందరికీ కుదిరింది మధ్యాహ్నం బస్సు. వంటలు అయిపోతాయి, ఎండ పొద్దు గనుక చలి బాధ లేదు, తిరిగి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరొచ్చు.

మిషనమ్మ కొంచెం ఆలోచించింది. మూడు పూటలా వచ్చేది ఒక్కటే బస్సు, ఒక్కడే డ్రైవరు. మధ్యాహ్నం నిండితే ఆ బండిని తీసేయరు, బండి ఉంటే పొద్దున కూడా అదే బండి వస్తుంది. లెక్క సరిపోయిందనుకుంది.

"సరే. ఎక్కడికని అడిగితే పట్నం అనండి. ఎందుకని అడిగితే సొంత పని అనండి. ఇంకొక్క ముక్క ఎక్కువ మాట్లాడారో, మీ బట్టలు మీరే కుట్టుకోండి."

ఇంటికి వచ్చి కోడలికీ చెప్పింది. "ఆ లెక్కలమ్మాయి నిన్నేమడిగినా మా అత్తయ్యనడగండి అను. నీ అంతట నువ్వు ఏమీ చెప్పొద్దు."

"నాకు పొద్దున బస్సు కావాలని చెప్పేస్తే పోదా అత్తయ్యా?"

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. నీకేది కావాలో తెలిస్తే ముందు దానికే ఎసరు పెడతారు. నాకు తెలుసు, నువ్వు ఊరుకో."

కోడలు అలాగేనంది.

ఆ వారం మధ్యాహ్నం బస్సు చూసి తీరాల్సిందే. కూర్చున్నవాళ్ళు కూర్చోగా, నిలబడ్డవాళ్ళు కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడారు. కండక్టరు నోరు వెళ్ళబెట్టాడు. "ఊళ్ళో ఏమైనా అంటురోగమా? అందరూ ఒక్కసారే లేచిపోతున్నారేంటి?" అని అడిగాడు. సొంత పని, అన్నారు అందరూ ఒక్క గొంతుతో. లెక్కలమ్మాయి డ్రైవరు వెనక సీట్లో కూర్చుని మీట నొక్కలేక నొక్కలేక వేలు విదిలించుకుంది.

"నిన్న కూడా వచ్చారు కదండీ?" అని మాస్టారి భార్యను అడిగింది ఓ రోజు.

"నిన్న అవ్వలేదమ్మా పని."

"మొన్న?"

"మొన్న మొదలుపెట్టాం."

మిషనమ్మ వెనక సీట్లోంచి దగ్గింది. మాస్టారి భార్య కిటికీ వైపు తిరిగిపోయింది.

పట్నంలో దిగాక చేసేదేముంది? మొదటి రెండు రోజులు అందరూ బస్టాండు బల్లల మీద బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. మూడో రోజు మాస్టారి భార్య ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న పన్ను చూపించుకుంది. ఇద్దరు తోటికోడళ్ళు పార్కులో చెట్టు కింద కూర్చుని మనసువిప్పి మాట్లాడుకున్నారు, ఇంట్లో ఎదురుపడితే మాట్లాడుకోని వాళ్ళు. కొట్టాయన కొట్టు పెళ్ళానికి అప్పజెప్పి వచ్చి హాయిగా కునుకు తీశాడు. వారం ముగిసేసరికి వీళ్ళకు అబద్ధం రుచి తగిలింది. మిషనమ్మ మాత్రం ఇదేదీ చూడలేదు, ఆవిడ చూపంతా లెక్కలమ్మాయి వేలి మీదే.

లెక్కలమ్మాయి మధ్యాహ్నమే కాదు, తెల్లవారు బస్సూ వదల్లేదు. రోజూ లేచి కోడలి పక్కనే కూర్చుని వెళ్ళేది. ఆ బస్సులో ఉండేది వీళ్ళిద్దరూ, రాత్రి కాపలా ముగించుకుని ఇంటికెళ్ళే వాచ్‌మన్, ఎప్పుడైనా ఓ రోగి. వీళ్ళు నవ్వుకుంటూ బస్సెక్కడం కిటికీలోంచి చూసినప్పుడల్లా మిషనమ్మ కిటికీ రెక్క ధడాలున వేసేది. లెక్కలమ్మాయి కోడల్ని మాటల్లో పెట్టి కూపీ లాగుతోందని ఆవిడ అనుమానం.

ఒకరోజు లెక్కలమ్మాయి నేరుగా కుట్టుమిషను దగ్గరికే వచ్చి ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "అమ్మా, ఒక్క మాట అడుగుతాను. మీ ఇంటి వరకే చెప్పండి. ఏ పూట బస్సు లేకపోతే మీకు ఇబ్బంది?"

మిషనమ్మ పాదం తొక్కుడు చెక్క మీద ఆగింది. ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ముఖం నిర్మలంగానే ఉంది, అందుకే మరీ అనుమానం వేసింది.

"మధ్యాహ్నం బస్సు," అంది.

"పొద్దున బస్సు? మీ కోడలు..."

"దానికేం, పడుచుపిల్ల. ఎలాగో పోతుంది. మాకు మధ్యాహ్నం బస్సే ప్రాణం."

లెక్కలమ్మాయి ఇంకేదో అడగబోయి ఆగింది. మిషనమ్మ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తాను ఎంత తెలివిగా తప్పించిందో తలుచుకుని ఆ పూటంతా లోలోపల మురిసిపోయింది. ఇలాంటి మురిపెం ఎవరికైనా ఉన్నప్పుడు దగ్గర కూర్చుని ఒక్కటి మొట్టేవాళ్ళు ఉండాలి. ఆవిడకు లేకపోయారు.

ఆ తరువాతి సెలవురోజున, ఎండ తగ్గాక, పెద్దసారు ఊరినంతా బడి హాల్లోకి పిలిచాడు. ఆసుపత్రికి సెలవు కాబట్టి కోడలూ వచ్చి అత్త పక్కనే కూర్చుంది. గోడకు అదే పటం తగిలించారు. పెద్దసారు మొహం వెలిగిపోతోంది.

"ముందుగా ఒక మాట. ఈ పటంలో ఎర్ర దారం మీ ఊరిది. అంటే బస్సు విషయంలో అన్నిటికన్నా ముందు మేలు జరగాల్సిన ఊరు," అన్నాడు.

మిషనమ్మ కొంచెం కదిలింది.

"పల్లెల్లో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట బస్సు ఎక్కువ కావాలని నేను ఏళ్ళ తరబడి చెబుతున్నాను. పొద్దునా సాయంత్రం పోయేవాళ్ళనే చూస్తారు గానీ, ఇంటిపని ముగించుకుని బయటపడేవాళ్ళను ఎవరూ పట్టించుకోరు. నా మాట ఎవరూ నమ్మలేదు. మీ ఊరు నా మాట నిలబెట్టింది." ఆయన చేతిలోని కర్రతో ఎర్ర దారాన్ని తాకాడు. "ఒక డ్రైవరు రోజుకు ఇప్పుడు నడిపేదానికన్నా ఎక్కువ వేళ నడపకూడదు, అది నియమం. కాబట్టి కొత్తగా ఒక పూట కలపాలంటే పాతది ఒకటి తీయాలి. పొద్దున్నే దాదాపు ఖాళీగా పోయే బస్సును వచ్చే నెలనుంచి ఆపి, మీకు మధ్యాహ్నం రెండు బస్సులు ఇవ్వడానికి డిపోవాళ్ళు ఒప్పుకున్నారు."

హాల్లో చప్పట్లు మోగాయి. ముందు కొట్టింది మాస్టారి భార్య.

కోడలు చప్పట్లు కొట్టలేదు. ఒళ్ళో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. మిషనమ్మ లేచి నిలబడింది.

"సారూ, అదంతా అబద్ధం!"

చప్పట్లు ఆగాయి.

"మేమెవరమూ మధ్యాహ్నం ఎక్కడికీ పోం. మీరు బస్సు తీసేస్తారని భయపడి నేనే అందరినీ ఎక్కించాను. పట్నంలో బల్లల మీద కూర్చుని తిరిగొచ్చాం. మాకు కావాల్సింది పొద్దున బస్సు. నా కోడలి చదువంతా దాని మీదే ఉంది. దాన్ని తీయకండి, మీకు దణ్ణం పెడతాను."

పెద్దసారు చేతిలోని కర్రను బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆయన్ని చూస్తే మిషనమ్మకు జాలేసింది, కానీ జాలిపడే తీరిక లేదు. లెక్కలమ్మాయి ముందుకు వచ్చి జనం వైపు తిరిగింది.

"ఈవిడ చెప్పేది నిజమేనా?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవునంటే ఊరంతా కలిసి మోసం చేసినట్టు. మోసం చేసిన ఊరికి ఇక ఏ బస్సిస్తారు? పైగా మధ్యాహ్నం పూట పట్నం గాలి తగిలాక, అది రోజుకు రెండుసార్లు దొరుకుతుంటే కాదనడం ఎవరి తరం?

"ఏమోనమ్మా, నేనైతే పనుండే వెళ్ళాను. పన్ను పీకించుకున్నాను," అంది మాస్టారి భార్య, నోరు తెరిచి చూపించింది కూడా.

"నేనూ సొంత పని మీదే వెళ్ళాను," అన్నాడు కొట్టాయన. మిషనమ్మ వైపు తిరిగి, "ఎండదెబ్బ తగిలిందేమోనే అమ్మాయీ, కూర్చో," అన్నాడు, ఎంతో ప్రేమగా.

"బాబాయ్! నా కొట్లో కూర్చుని తల ఊపలేదూ నువ్వు? ఒట్టేసి చెప్పు!"

కొట్టాయన కిటికీ బయటికి చూశాడు. తక్కినవాళ్ళంతా ఆయన చూసిన వైపే చూశారు. నోరు విప్పొద్దని వాళ్ళకు అంత గట్టిగా నేర్పింది ఎవరో మిషనమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు.

లెక్కలమ్మాయి దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అమ్మా, మిషను దగ్గర కూర్చుని నేను సూటిగానే అడిగాను. మధ్యాహ్నం బస్సే ప్రాణం అన్నారు. ఇప్పుడు అది అబద్ధమంటున్నారు. ఇంతమంది కాదంటున్నారు. ఇప్పుడు చెబుతున్నది నిజమని నేను ఏం చూసి నమ్మాలి?"

మిషనమ్మ నోరు తెరిచింది. ఒకరిని నమ్మించడానికి ఏం చెప్పాలో ఆవిడకు తెలియలేదు. ఎన్నడూ ఆ అవసరం రాలేదు, నమ్మకపోవడమే ఆవిడ వాటా. కోడలే చెయ్యి పట్టి లాగి, "రండి అత్తయ్యా, ఇంటికి పోదాం," అంది.

పొద్దు గుంకుతోంది. ఇద్దరూ రోడ్డు వారగా నడుస్తున్నారు. తిట్టినా బాగుండేది, ఈ పిల్ల తిట్టదు. మిషనమ్మే ఉండబట్టలేక అంది.

"అంతా ఆ టక్కులాడి చేసిందే. రోజూ నీ పక్కన కూర్చునేది కదా, నీకు ఏ బస్సు కావాలో దానికి కళ్ళు లేవా?"

"ఉన్నాయి అత్తయ్యా. అడిగింది."

"ఏమని?"

"మొన్న బస్సులో అడిగింది. 'మధ్యాహ్నం లెక్క నాకెందుకో తేడాగా ఉంది. మీ అత్తగారేమో అదే ప్రాణం అంటున్నారు. రోజూ ఈ బస్సెక్కేది మీరు. మీరొక్క మాట చెప్పండి, దాన్నిబట్టి సారుతో మాట్లాడి అంతా మళ్ళీ లెక్కపెడతాను' అంది."

మిషనమ్మ నడక ఆగిపోయింది. "నువ్వేం చెప్పావే?"

"మా అత్తయ్య చెప్పిందే రాసుకోండి అన్నాను." కోడలు తల వంచుకుంది. "నా మంచి నాకన్నా ఆవిడకే బాగా తెలుసన్నాను."

మిషనమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. నడిరోడ్డని కూడా చూడకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలు ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి ఇంటివైపు నడిపించింది. పొద్దున్నే లేవాలి, నెలాఖరు దాకా ఆ బస్సు ఇంకా వస్తుంది.